గాలిలో మాట

"పిలవలేదు," అన్నాడు లీవియో.

"పిలిచానని చెప్పు వాడికి," అన్నాడు ఒరెస్తె, తమ్ముడి వైపు చూడకుండా, పెళ్ళాంతో.

నివెస్ అన్నదమ్ములిద్దరి మధ్యా నిలబడి ఉంది. ఆ సర్కస్ బండిలో ముగ్గురు నిలబడితే నాలుగో మనిషికి చోటుండదు. అయినా అత్తగారు ఆర్జియా మంచం అంచున కూర్చుని, చేతికర్రతో చెక్క నేలను టకటక కొడుతోంది. బయట చినుకులు పడుతున్నాయి. మధ్యాహ్నం ఆటకు వచ్చిన ఆద్రియా ఊరి జనం బురదలో కాళ్ళీడ్చుకుంటూ, ఈలలు వేసుకుంటూ పోతున్నారు. అవి మెచ్చుకోలు ఈలలు కావు.

ఎందుకు మెచ్చుకుంటారు? గాలిలో రెండు పల్టీలు కొట్టి అన్న చేతుల్లో వాలాల్సిన కుర్రాడు, ఊయల కర్ర పట్టుకుని అటూ ఇటూ నాలుగుసార్లు ఊగి, ఆఖరికి చేతులు జారి వలలో పడ్డాడు. అదీ వాళ్ళు టిక్కెట్టు కొని చూసిన వింత.

"నీ నోటితో నువ్వే చెప్పరా!" అని పెద్దకొడుకు మీద విరుచుకుపడింది ఆర్జియా. "తొమ్మిది రోజుల నుంచీ చూస్తున్నాను ఈ రాయబారాలు. ఉప్పు అందించమని దానికి చెప్తాడొకడు. ఉప్పు అయిపోయిందని దానికే చెప్తాడు ఇంకొకడు. నా కోడలేమన్నా పోస్టు డబ్బానా?"

"పిలిస్తే పలకనివాడితో నాకు మాటల్లేవు. అన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. కానీ పైన పిలిచానమ్మా. ఎప్పుడు పిలవాలో అప్పుడే పిలిచాను."

లీవియో కళ్ళు అన్న మొహం మీద నుంచి తల్లి మొహం మీదికీ, అక్కడి నుంచి వదిన మొహం మీదికీ పరిగెడుతున్నాయి. "పిలిస్తే నేనెందుకు రాను? ఆరేళ్ళ నుంచీ ఆయన పిలుపు మీద కర్ర వదుల్తున్నాను. ఒక్కసారి ఎందుకని అడిగానా?" అన్నాడు. చిన్న బండి అది. అంత గట్టిగా అరవనక్కర్లేదు. ఈమధ్య వాడి గొంతు అలాగే ఉంటోంది. కియోజ్జా ఊరి పిల్లతో పెళ్ళి మాట ఖాయమయ్యాక వాడికి కళ్ళు నెత్తికెక్కాయని గుర్రాల దగ్గరివాళ్ళు సైతం అనుకుంటున్నారు.

ఆర్జియా కర్ర ఆపేసింది. ఆమె కర్ర ఆపిందంటే కోపం ఆరిందని కాదు, ముదిరిందని.

"ఇదిగో, ఇద్దరూ వినండి. మీ తాతా, ఆయన తమ్ముడూ ఒక ఆడమనిషి గురించి తగువులాడుకుని పద్దెనిమిదేళ్ళు మాట్లాడుకోలేదు. ఒకే కుండలో వండిన సంకటి రెండు బల్లల మీద తిన్నారు. అయినా పైకెక్కితే మాత్రం ఒక్క పూట పిలుపు మానలేదు. గాలిలో మాట మాట కాదురా. అది ప్రాణం. కోపాలు నేల మీద పెట్టి ఎక్కాలి. పట్టేవాడు ఎగిరేవాడికి పిలుపు ఎగ్గొట్టాడని తేలితే వాడి ఊయల తాళ్ళు దింపేస్తాం. మళ్ళీ జన్మలో మన మోర్సెల్లి వాళ్ళ డేరాలో వాడు తలకిందులుగా వేలాడడు. వాడు నా కడుపున పుట్టినా సరే."

ఒరెస్తె తల దించుకున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళతో కర్రను పట్టుకుని తలకిందులుగా వేలాడి మనుషుల్ని గాలిలోంచి అందుకోవడం తప్ప వేరే విద్య తెలియని మనిషి. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు పైన, ఎగిరేవాళ్ళు నిలబడే పలక మీద ఉన్నావు కదే," అంది ఆర్జియా కోడలితో. "చిన్నాడికి కర్ర అందించింది నువ్వే. చెప్పు. పిలిచాడా, పిలవలేదా?"

నివెస్ విన్నది. డోలు ఆగింది, డేరా అంతా ఊపిరి బిగబట్టింది, అవతలి ఊయల నుంచి "ఓప్" అని మొగుడి గొంతు ఖంగున వచ్చింది. ఆ పిలుపు ఆమె ఎలా మర్చిపోతుంది? భుజం విరక్కముందు పదేళ్ళు ఆ పిలుపు మీదే తనూ ఎగిరింది.

విన్నానని చెప్పేస్తే అయిపోయేది. కానీ నోరు తెరిచేలోపు మరిది మొహం చూసింది. ఎనిమిదేళ్ళప్పటి నుంచీ వాణ్ణి పెంచింది తను. వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రబడలేదు. వాడూ నిజమే చెబుతున్నాడు, ఆయనా నిజమే చెబుతున్నాడు. ఒక్క పిలుపుకు రెండు నిజాలు ఎలా ఉంటాయి?

"అత్తయ్యా, నేను..." అంది.

ఒరెస్తె చివ్వున తలెత్తి పెళ్ళాం వంక చూశాడు.

"సరే," అంది ఆర్జియా, కర్ర ఊతంగా లేస్తూ. "కోపం మీద సాక్ష్యం అడక్కూడదు. గుర్రాలకు మేత వేశాక రింగులో అడుగుతాను, అందరి ముందూ. రాత్రి ఆటకు ఎవరెక్కుతారో, ఎవరి తాళ్ళు దిగుతాయో అప్పుడు తేలుతుంది."

*

మొగుడూ పెళ్ళాలు తమ బండిలోకి వచ్చారు. ఒరెస్తె తడిసిన ఉన్ని బనియను తల మీదుగా లాగి కుర్చీ మీదికి విసిరాడు. నివెస్ దాన్ని తీసి దండెం మీద ఆరేసింది. స్టవ్ మీద మలుగు చేపల కూర ఉంది, పొద్దుటి మొక్కజొన్న సంకటి ముక్కలున్నాయి. ఇద్దరూ వాటి జోలికి పోలేదు.

"నువ్వు వినలేదా?" అన్నాడు ఒరెస్తె.

"విన్నాను."

"విన్నావు."

"విన్నానంటున్నాగా."

"మరి అక్కడ నీ నోట్లో ఏముంది? బెల్లముందా?"

"వాడి మొహం చూశావా నువ్వు?"

"వాడి మొహం చూసి మొగుణ్ణి దోషిని చేశావన్నమాట. బాగుంది." అతను మంచం మీద కూలబడ్డాడు. "అమ్మ కూడా అనుకుంటోంది, నివెస్. నేను నా తమ్ముణ్ణి కావాలని కిందికి వదిలేశానని అనుకుంటోంది. వాడు మొదటిసారి వలలో పడ్డప్పుడు నేను అన్నం తిన్నానా? నువ్వే చెప్పు, తిన్నానా?"

తినలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"అసలు ఆ రోజు అంత పంతం ఎందుకు పట్టావు?" అంది. "పిల్లాడు ఒక మాటకు పలక్కపోతే తొమ్మిది రోజులు మాట్లాడకుండా ఉంటారా ఎవరైనా?"

"ఒక మాటకా? మూడుసార్లు పిలిచాను. మెట్ల మీద నిలబడి, 'లీవియో, ఆ పిల్లను చేసుకుని నువ్వూ ఆగినవాళ్ళలో కలిసిపోతావా, మమ్మల్ని వదిలేస్తావా' అని అడిగాను. మర్యాదగానే అడిగాను. నాకు వీపు పెట్టి కూర్చుని సంకటి తింటున్నాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ తింటున్నాడు. మూడోసారి పేరు పెట్టి పిలిచాను. లేచి కంచం కడుక్కుని పోయాడు. పట్టేవాడు పిలిస్తే ఎగిరేవాడు పలకాలి. నేల మీద పలకనివాడు గాలిలో పలుకుతాడా?"

ఊళ్ళలో స్థిరంగా ఇళ్ళు కట్టుకుని ఉండేవాళ్ళందరూ వీళ్ళకు ఆగినవాళ్ళే. ఆగినవాళ్ళ పిల్లను తెచ్చుకోవచ్చు గానీ, తను వెళ్ళి ఆగిపోవడం మాత్రం చావుతో సమానం. ఒరెస్తె గుండెలో ఉన్న భయం అదీ. తమ్ముడు వెళ్ళిపోతాడేమోనన్న భయం. ఆ భయానికే కోపమని పేరు పెట్టుకుని మోస్తున్నాడు.

"సాయంత్రం నువ్వు ఏం చెబితే అదే," అన్నాడు గోడ వైపు తిరుగుతూ. "నేను బతిమాలను. విన్నది చెప్పడానికి కూడా బతిమాలించుకునే పెళ్ళాం అయితే నాకెందుకు?"

నివెస్ తలుపు ధడాలున వేసి బయటికి నడిచింది. ఆ దెబ్బకు దండెం మీద ఆరేసిన బనియను జారి కింద పడింది.

*

లీవియో బండి తలుపు తెరిచే ఉంది. వాడు తలుపుకు వీపు పెట్టి కూర్చుని, వల తాళ్ళు గీరుకుపోయిన మోచేతికి ఆలివ్ నూనె రాసుకుంటున్నాడు.

"ఏంట్రా నీ సంగతి?" అంటూ ఎక్కింది నివెస్. "అక్కడ మీ అన్న చచ్చినవాడిలా పడున్నాడు. ఇక్కడ నువ్వు నూనె రాసుకుంటున్నావా? ఆయన పిలిచాడు. నేను విన్నాను. నా రెండు చెవులా విన్నాను. ఆ పిలుపు డేరా గుంజలక్కూడా వినపడి ఉంటుంది. ఎందుకిలా చేశావు? ఆయన మీద కసి తీర్చుకోవడానికి వల మీద పడ్డావా? పలకవేం? నాతో కూడా మాటలు మానేశావా?"

వాడు సీసాకు బిరడా బిగించాడు. మోచేతి మీద ఉఫ్ అని ఊదుకున్నాడు. ఆమె ఒక మనిషే కానట్టు, ఆమె మాటలు మాటలే కానట్టు.

నివెస్‌కు ఒళ్ళు మండింది. మొగుడికి ఎందుకు అంత మంట పుట్టిందో ఇప్పుడు అర్థమైంది. వెళ్ళి చెంప పగలగొడదామనుకుంది.

అప్పుడు వాడు గుడ్డ కోసం పక్కకు తిరిగాడు. ఆమెను చూసి ఉలిక్కిపడ్డాడు. సీసా చేతిలోంచి జారింది.

"వదినా! ఎప్పుడొచ్చావు?"

నివెస్ గుమ్మంలోనే ఆగిపోయింది. వాడి నవ్వు చూసింది. తన పెదాల మీద నాటుకుని ఉన్న వాడి కళ్ళు చూసింది. వాడి కళ్ళు కొన్ని వారాలుగా ఇలాగే ఉంటున్నాయని ఆమెకు అప్పుడే తట్టింది. తినేటప్పుడు అందరికీ ఎదురుగా కూర్చుంటున్నాడు. అందరూ నవ్వాక నవ్వుతున్నాడు.

ఆమె మెల్లగా చెయ్యెత్తి, తుమ్ము వచ్చినదానిలా నోటికి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ వెనక నుంచి మామూలు గొంతుతోనే అంది:

"లీవియో, డేరాకు నిప్పంటుకుందిరా."

"అవును వదినా," అన్నాడు లీవియో తలూపుతూ. "అంతే కదా మరి."

ఆమె చెయ్యి దించింది. వాడు ఆమె మొహం చూశాడు. వాడి నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. ఏం జరిగిందో వాడికి తెలిసిపోయింది.

"ఎప్పటి నుంచిరా?" అంది. ఈసారి వాడికి కనిపించేలా, ఒక్కో మాటా విడదీసి.

"వసంతంలో రిమినిలో జ్వరం వచ్చింది చూడు, అప్పుడు ఎడమ చెవి పోయింది. కుడిది ఉందిలే అనుకున్నాను. ఆగస్టులో అదీ పోయింది. ఇప్పుడేం లేదు వదినా. డోలు మోత కూడా పాదాలకు తెలుస్తుంది, అంతే."

"ఒక నెల నుంచి చెవుల్లేకుండా ఎగురుతున్నావా! ఎలా?"

వాడి మొహంలో చిన్న గర్వం కనబడింది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"అన్నయ్య పిలిచే ముందు ఊపిరి లాగుతాడు. పక్కటెముకలు పైకి లేస్తాయి. అది చూసి వదిలేస్తాను. వినేవాడి కంటే ఒక వెంట్రుకవాసి ముందే వదుల్తాను తెలుసా? నెలలో ఒక్కటి తప్పలేదు. ఇవాళ చలని చెప్పి ఆ ఉన్ని బనియను తొడుక్కున్నాడు. ఎంత చూసినా ఛాతీ కనబడలేదు. పిలవలేదనే అనుకున్నాను వదినా, ఒట్టు. తొమ్మిది రోజులుగా నా మీద మండిపడుతున్నాడు కదా, పైన కూడా సాధిస్తున్నాడనుకున్నాను."

"ఆయన ఎందుకు మండిపడుతున్నాడో తెలుసా నీకు?"

"నేను పెళ్ళి చేసుకుంటున్నానని."

"కాదు. మెట్ల మీద నిలబడి నిన్ను మూడుసార్లు పిలిచాడు. నువ్వు పలకలేదు."

లీవియో నోరు తెరిచి, మూశాడు. ఆ రోజు గుర్తు చేసుకుంటున్నట్టు కిందికి చూశాడు. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని వాడి తల నిమిరింది. పెద్దవాడయ్యాడు, పెళ్ళి కుదిరింది. అయినా ఆమెకు ఆ క్షణాన వాడు ఎనిమిదేళ్ళ పిల్లాడే.

"పద, ఇప్పుడే వెళ్ళి చెబుదాం," అంది వాడి మొహం తన వైపు తిప్పుకుని.

"వద్దు! వదినా, నీకు పుణ్యముంటుంది, వద్దు. చెవిటివాణ్ణని తెలిస్తే అమ్మ నన్ను నిచ్చెన మొదటి మెట్టు కూడా ఎక్కనివ్వదు. నేల మీద నేను దేనికి పనికొస్తాను? గుర్రాలకు గడ్డి వెయ్యడానికా? ఆ పిల్ల నన్ను గాలిలో చూసి ఇష్టపడింది. పేడ ఎత్తుతుంటే చూసి కాదు."

"ఈసారి ఆయన కోటు వేసుకుంటే? నువ్వు తప్పు చూస్తే?"

"వల ఉందిగా."

నివెస్ తన ఎడమ భుజం వైపు చూపించింది. అది విరిగింది వలలోనే. వల మీద సరిగా పడితే బతుకుతారు. పడకపోతే వల కూడా నేలే.

"నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు," అన్నాడు లీవియో బతిమాలుతూ. "వినలేదను, చాలు. గాలివాటుకు నీదాకా రాలేదను. అమ్మ అన్నయ్యను రెండు వారాలు తిడుతుంది. తర్వాత ఊరుకుంటుంది. నేను ఆయన కాళ్ళ మీద పడి మంచి చేసుకుంటాను. నాకు ఎగరడం నేర్పింది నువ్వే కదా. దింపేదీ నువ్వేనా?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. భుజం పోయిన ఏడాది, కింద నిలబడి అందరూ ఎగరడం చూస్తూ ఎన్ని సాయంత్రాలు ఏడ్చిందో ఆమెకే తెలుసు. ఆ బతుకు వీడికి తన చేత్తో ఎలా ఇస్తుంది? ఇవ్వకపోతే మొగుడి తాళ్ళు దిగుతాయి. అత్తగారు రెండు వారాలు తిట్టి ఊరుకునే మనిషి కాదు. చిన్నవాడికి ఆ సంగతి తెలియదు.

"ఆలోచించుకోనీ," అని లేచింది. వాడు ఆమె పెదాలు చదివి, అది సరేననడమే అనుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

*

గుర్రాలకు మేత వేశారు. రింగులో రంపపు పొట్టు మీద అందరూ చేరారు, పదిమంది కన్నా లేరు. బఫూన్ వేషం కట్టే మేనమామ తుల్లియో సగం మొహానికే తెల్లరంగు పూసుకుని వచ్చాడు. ఆర్జియా చెప్పకుండానే నిచ్చెన తెచ్చి ఒరెస్తె ఊయల గుంజకు ఆనించి, మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తాళ్ళు విప్పాల్సివస్తే విప్పేది అతనే.

ఇలాంటప్పుడు సాక్షి వెనక నిలబడాలి. తగువుపడ్డవాళ్ళు ముందుకే చూడాలి. చూపుతో సాక్షిని బెదిరించకుండా పెద్దలు పెట్టిన పద్ధతి అది. లీవియో తల్లికి ఎదురుగా, రింగు నడుమ నిలబడ్డాడు. ఒరెస్తె అక్కడికి రాలేదు. గుర్రాలు వచ్చే తెర దగ్గరే, నివెస్‌కు నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. "నేను దోషినని ఎవరన్నారు, వరసలో నిలబడ్డానికి?" అన్నాడు. ఆర్జియా బలవంతం చెయ్యలేదు.

"నివెస్," అంది ఆర్జియా. గొంతు వణికింది. ఆ గొంతు వణకడం అక్కడున్నవాళ్ళెవరూ ఎప్పుడూ వినలేదు. "నువ్వు పెద్దాడికి పెళ్ళానివి, చిన్నాడికి వదినవు. రెండూ మర్చిపో. పలక మీద నిలబడ్డదానివి, అంతే. ఒరెస్తె పిలిచాడా, పిలవలేదా?"

తల్లి నోటి నుంచి ఆ ప్రశ్న చదువుకుని, లీవియో భుజాలు కొంచెం వదులు చేశాడు. వదిన మీద వాడికి అంత నమ్మకం.

నివెస్‌కు వాడి వీపు కనిపిస్తోంది. ముడి జారిన మోచేతి కట్టు కనిపిస్తోంది. పక్కన మొగుడు శ్వాస తీసుకోవడం వినిపిస్తోంది. వినలేదు అంటే ఒకడు బతికుండగానే చస్తాడు. విన్నాను అంటే ఇంకొకడు. కానీ వినలేదు అంటే ఈ రాత్రే ఆ చెవిటి పిల్లాడు మళ్ళీ నిచ్చెనెక్కుతాడు. కర్ర అందించేది తనే.

"పిలిచాడు అత్తయ్యా," అంది. ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. "డోలు ఆగాక పిలిచాడు. నేను విన్నాను. మీ పెద్దకొడుకు తప్పేమీ లేదు."

తుల్లియో నిచ్చెన మీద నుంచి చెయ్యి తీసేశాడు. అందరూ లీవియో వంక చూశారు. వాడిప్పుడు ఎగిరి పడతాడనీ, కాదంటాడనీ, వదినను నానా మాటలూ అంటాడనీ ఎదురుచూశారు.

లీవియో కదల్లేదు. తల్లి మొహంలోకే ఓపిగ్గా చూస్తున్నాడు. ఆర్జియా కొయ్యబారిపోయింది. ఆ మొహంలో చదవడానికి వాడికి ఏమీ దొరకలేదు.

"ఏం వదినా?" అన్నాడు ముందుకే చూస్తూ, ఆ పెద్ద గొంతుతోనే, కాస్త నవ్వు తెచ్చుకుని. "అమ్మ అడుగుతోంది కదా. చెప్పవేం?"

తుల్లియో మెల్లగా శిలువ గుర్తు వేసుకున్నాడు.

తెర దగ్గర ఒరెస్తె ఒక అడుగు ముందుకు వేశాడు. పెళ్ళాం వంక చూశాడు. ఆమె తల దించుకుంది. అతను తమ్ముడి వీపు వంక చూశాడు.

"లీవియో," అన్నాడు.

తొమ్మిది రోజుల తర్వాత ఆ పేరు అతని నోటి నుంచి వచ్చింది. మరో అడుగు వేసి, గాలిలో పిలిచే గొంతుతో పిలిచాడు.

"లీవియో!"

తెర వెనక గుర్రాలు మేత మాని తలలెత్తాయి. లీవియో మాత్రం ఇంకా వదిన ఏం చెబుతుందోనని ఎదురుచూస్తూనే ఉన్నాడు.